పాట చెప్పే అక్క ఎవరు?

ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా రోజులున్నాయి కానీ ఈ ముచ్చట ఇప్పుడే పెట్టుకుందాం. పండుగ దగ్గర పడ్డాక గునుగు, తంగేడు, పట్టుచీర, మలీద ముద్దలు తప్ప మనకు వేరే ధ్యాస ఉండదు. శిబ్బిలో బతుకమ్మను పేర్చుకుని గుడి ముందుకో, చెరువు కట్టకో, అపార్ట్‌మెంటు కింద పార్కింగ్ జాగాకో చేరుతాం. అందరి బతుకమ్మలూ నడుమ దించి చుట్టూ నిలబడతాం. అక్కడ మొదలవుతుంది అసలు చిక్కు. "పాట చెప్పు వదినా" అని ఒకరు, "నాకు రెండే వచ్చు, అవీ సగం సగం" అని ఇంకొకరు. ఈలోపు ఎవరో ఫోన్‌ను స్పీకరుకు కలిపేస్తారు. పాట మోగుతుంది, మనం తిరుగుతాం. చెప్పే మనిషి మాత్రం ఆ ఏడూ తయారుకాదు.

డీజే మీద నాకు పగ లేదు. పిల్లలు ఆ పాటలకు ఎగురుతారు, ఎగరనిద్దాం. కానీ ఆ పెట్టెకు కళ్ళు లేవు కదమ్మా! పెద్దమ్మ ఒకామె మోకాలు పట్టుకుని ఆగితే దానికి తెలియదు. కొత్తగా వచ్చిన కోడలు ఏ కాలు ముందు వేయాలో తోచక తచ్చాడుతుంటే అది నిదానించదు. పాట చెప్పే మనిషైతే నిదానిస్తుంది. చరణం ఇంకోసారి అంటుంది. ఆ పెద్దమ్మ అడుగు కుదురుకున్నాక మళ్ళీ కాస్త జోరు పెంచుతుంది. పాట చెప్పడమంటే వలయాన్ని చూస్తూ పాడటం. ఇందులో పాట సగం, చూపు సగం. ఈ విద్య మనలో కొందరు నేర్చుకుని తీరాలని నా కోరిక. ఇవాళ్టి ముచ్చటంతా దాని గురించే.

గొంతు బాగుండాలా?

అందరూ ముందు అడిగేది ఇదే. నా జవాబు ఒకటే, మాట స్పష్టంగా ఉంటే చాలు. కచేరీ గొంతు అక్కర్లేదు. మన పాటల కట్టుబడే చెప్పేవాళ్ళకు అండగా ఉంటుంది, గమనించండి. కొన్ని పాటల్లో చెప్పే ఆమె ఒక చరణం అంటే మిగతావాళ్ళు అదే చరణం మళ్ళీ అంటారు. కొన్నిట్లో ఆమె చరణం చెప్తుంది, అందరూ చివర "ఉయ్యాలో" అనో, "చందమామ" అనో, "కోల్" అనో అందుకుంటారు. అందరూ అందుకునే ఆ కాస్త సేపట్లోనే ఆమె ఊపిరి తీసుకుంటుంది. తర్వాతి చరణం గుర్తు చేసుకుంటుంది. వలయం చుట్టూ ఒకసారి కళ్ళు తిప్పుతుంది. మన పెద్దవాళ్ళు గంటల తరబడి పాట చెప్పినా గొంతు పోకుండా నిలిచారంటే ఈ ఏర్పాటు వల్లే.

పాట ఎత్తుకునేటప్పుడు శ్రుతి కాస్త కిందే పెట్టుకోండి. మనకు పైకి అందుతుంది కదా అని పైనుంచి ఎత్తుకుంటే అవ్వలకు అందదు, చిన్నపిల్లలు కీచుమంటారు. అవ్వకూ మనవరాలికీ ఇద్దరికీ హాయిగా పలికే చోటు చూసుకోవాలి. మొదటి చరణం ఒక్కరే అనండి, రెండోది పక్కనున్న ఒకరిద్దరితో కలిసి అనండి. అప్పటికి అందరి చెవిలో శ్రుతి కూర్చుంటుంది.

జవాబు పలుచగా వచ్చిందంటే వాళ్ళకు చరణం వినపడలేదని అర్థం. ముందుకు పోకుండా అదే మళ్ళీ చెప్పండి. చప్పట్లు చెదిరిపోతే పాట ఆపేసి రెండు చుట్లు ఉత్త చప్పట్లతో తిప్పండి, అవే ఒక దారికి వస్తాయి. ఆట ఉరుకుల మీద పడితే గట్టిగా అరవకండి. గొంతు తగ్గించండి. మీ మాట వినడానికి వాళ్ళు తమ గొంతు తగ్గిస్తారు, దాంతో కాళ్ళు కూడా నిదానిస్తాయి. నలుగురిని కలిపి నడిపించేవాళ్ళకు ఇంతకు మించిన కిటుకు లేదు.

కాళ్ళు ముందు, చేతులు తర్వాత, పాట చివర

ఇక నేర్పే సంగతి. ఇప్పుడు మన కాలనీల్లో ఎక్కడెక్కడి వాళ్ళో ఉంటున్నారు. గొబ్బెమ్మల చుట్టూ తిరిగి పెరిగిన గుంటూరు కోడలు ఉంటుంది, గర్బా ఆడిన గుజరాతీ ఆమె ఉంటుంది, ఏదీ ఎరగని పక్కింటి బెంగాలీ చెల్లెలు ఉంటుంది. ఆట సాగుతుండగా వాళ్ళను పక్కకు తీసుకెళ్ళి క్లాసు చెప్పొద్దు. వలయంలోనే నిలబెట్టి నేర్పాలి.

మా వైపు ఆట చాలా తేలిక. ముందుకు వంగి ఒక చప్పట్టు, లేస్తూ పక్కకు ఒక అడుగు, నిలబడి ఇంకో చప్పట్టు. అంతే. ఇదంతా ఒకేసారి చెప్తే కొత్తవాళ్ళు బిగుసుకుపోతారు. మొదటి చుట్టు ఉత్త అడుగు మాత్రమే వేయించండి, చేతులు కిందే ఉండనివ్వండి. రెండో చుట్టుకు వంగడం, చప్పట్టు కలపండి. మూడో చుట్టుకు పాట ఎత్తుకోండి. నోటితో చెప్పే మాటలు ఎంత తక్కువైతే అంత మంచిది. "వంగు, లే, అడుగు" అంటే చాలు. ఆ మూడు మాటలే తాళం పట్టి అంటే సగం పాట అయినట్టే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. వలయంలో మనకు బాగా కనిపించేది ఎదురుగా ఉన్న మనిషే. కొత్తవాళ్ళు ఆమెను చూసి ఆడబోతారు. కానీ ఎదురుగా ఉన్న ఆమె తన కుడికి జరిగితే చూసేవాళ్ళకు అది ఎడమకు పోయినట్టు కనిపిస్తుంది. వీళ్ళు అటు జరుగుతారు, పక్కామెను గుద్దుకుంటారు, సిగ్గుపడి తప్పుకుంటారు. అలా తప్పుకున్న ఆమె ఆ ఏడు మళ్ళీ లోపలికి రాదు. అందుకని కొత్త మనిషిని ఆట వచ్చిన ఇద్దరి నడుమ నిలబెట్టండి. "ఎదురు చూడకు, నీ పక్కన ఈ అక్క పాదాలు చూడు" అని చెప్పండి. పాట చెప్పే మీరు మాత్రం కొత్తవాళ్ళకు ఎదురుగా ఉండండి. వాళ్ళు మిమ్మల్ని చూడటానికి కాదు, మీరు వాళ్ళను చూడటానికి.

కొత్తవాళ్ళున్నప్పుడు పాట కూడా చూసి ఎంచుకోవాలి. ధర్మాంగదుడి కథ చెప్పే పొడుగు పాటలు, రామాయణం పాటలు రాత్రి పొద్దుపోయాక బాగుంటాయి. మొదట్లో మాత్రం ఒకే మాట తిరిగి తిరిగి వచ్చే పాట చెప్పండి. తెలుగు రాని బెంగాలీ చెల్లెలు కూడా "ఉయ్యాలో" అనగలదు. అలా ఒక్క మాట అన్న మనిషి చూడటానికి వచ్చిన మనిషి కాదిక, ఆటలో మనిషి.

కోలాటంలో ముందుచూపు

బతుకమ్మలో ఆట ఒకేలా సాగుతుంది, పాట మారుతుంది. కోలాటంలో ఆటే మారుతూ ఉంటుంది. ఒక్కో రకం ఆటను కోపు అంటారు. ఏ కోపు నుంచి ఏ కోపుకు పోవాలో నడిపించే గురువు చెప్తారు, లేదా ఈల వేస్తారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహన సేవ ముందు మాడ వీధుల్లో కోలాటాలు ఆడుతూ నడిచే బృందాలను మీలో చాలామంది చూసే ఉంటారు. తితిదే వారి దాస సాహిత్య ప్రాజెక్టు ద్వారా ఎన్నో ఊళ్ళ ఆడవాళ్ళు అలా వెళ్తారు. ఈసారి చూసినప్పుడు కోలల మీద నుంచి చూపు తిప్పి నడిపించే మనిషిని చూడండి. మారబోయే కోపు మాట ఆమె నోట ఎప్పుడు వస్తుందో గమనించండి. మారే దెబ్బ మీద చెప్తే ఆలస్యమైపోతుంది. చెవిన పడ్డ మాట కాలి దాకా చేరాలి కదా! పాత కోపు చివరి దెబ్బలు పడుతుండగానే కొత్త మాట వచ్చేయాలి. ఆడేవాళ్ళు విని, తలచుకుని, సరిగ్గా మొదటి దెబ్బకు అందుకుంటారు.

పిల్లలకు కోలాటం నేర్పేటప్పుడు వెంటనే కోలలు ఇవ్వకండి. జంటలుగా నిలబెట్టి అరచేతులతో ఆడించండి. తన చేతులు తాను తట్టుకోవడం, జంట చేతులు తట్టడం, పక్కకు జరిగి కొత్త జంటను అందుకోవడం, ఇవి వచ్చాక కోలలు. వేళ్ళ మీద దెబ్బ తిన్న పిల్ల మర్నాడు రాదు.

జడ కోలాటం గురించి కూడా చెప్పుకోవాలి. పైనుంచి వేలాడే తాళ్ళు తలా ఒకటి పట్టుకుంటాం. సరిసంఖ్యలో ఉండాలి. సగం మంది ఇటు, సగం మంది అటు ఎదురెదురుగా నడుస్తూ, ఒకరికి లోపలి నుంచి, తర్వాతి ఆమెకు బయటి నుంచి తప్పుకుంటూ పోతే నడుమ జడ అల్లుకుంటుంది. అదే నడక వెనక్కి నడిస్తే జడ విప్పుకుంటుంది. ఒక్కరు తప్పు వేస్తే అందరి తాళ్ళూ ముడిపడతాయి. దీన్ని నేర్పే పద్ధతి ఏమిటంటే, మొదట తాళ్ళు లేకుండా ఉత్త నడక. అందరూ పైకే "లోపల, బయట, లోపల, బయట" అంటూ నడవాలి. ఎవరికి వాళ్ళు అంటే సరిపోదు. ఎదురయ్యే మనిషి కళ్ళలోకి చూస్తూ అనాలి. అప్పుడు ఒకరు మరిచినా రెండో ఆమె గుర్తు చేస్తుంది. ఈ నడక నిద్రలో కూడా వచ్చేంత అయ్యాకే తాడు చేతికివ్వండి. ముడి పడితే నడిపించే ఆమె "ఆగండి" అని ఒక్క మాట అనాలి. ఎవరిది తప్పని వెతకొద్దు. అందరూ కలిసి నాలుగడుగులు వెనక్కి వేస్తే ముడి దానంతటదే వదులవుతుంది. తప్పు ఎవరిదో తేలకుండానే ఆట సాగిపోతుంది. నేర్పేవాళ్ళు దీన్ని మనసులో పెట్టుకోవాలి. నలుగురిలో పేరు పెట్టి తప్పు చూపిస్తే ఆ మనిషికి ఆట రావడం అటుంచి, అసలు రావడమే మానేస్తుంది.

అమెరికా చెల్లెళ్ళకు

మనవాళ్ళు ఎక్కడున్నా బతుకమ్మ ఆడుతున్నారు. స్కూలు జిమ్ములో, కమ్యూనిటీ హాల్లో, దొరికిన చామంతులతో పేర్చి మరీ ఆడుతున్నారు. అమెరికాలో ఉండే చెల్లెళ్ళు వీలు చూసుకుని, మనలాగే ఒకరు చెప్తుంటే అందరూ ఆడే అక్కడి కాంట్రా డాన్స్ ఒకటి చూసి రండి. న్యూ ఇంగ్లండ్ ఊళ్ళలో తరాలుగా నిలిచిన ఆట అది. న్యూ హాంప్‌షైర్‌లోని నెల్సన్ అనే చిన్న ఊరి టౌన్‌హాల్లో సోమవారం రాత్రుళ్ళు ఆడే ఆట ఆ లోకంలో ప్రసిద్ధి. ఆ రాష్ట్రం వాడే రాల్ఫ్ పేజ్ ఆట చెప్పడంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అక్కడ ఆట చెప్పే మనిషిని కాలర్ అంటారు.

మా చెల్లి ఉండే ఊళ్ళో ఆ ఆట చూశాను. జనం ఎదురెదురుగా రెండు పొడుగాటి వరుసల్లో నిలబడ్డారు, నలుగురేసి ఒక జట్టు. కాలర్‌గా ఉన్న ఆమె వాయిద్యం లేకుండా ముందు ఒకసారి నడిపించింది. ఎవరు ఎవరి చేయి పట్టుకోవాలో, ఎటు తిరగాలో, అంతా నడకలోనే. తర్వాత ఫిడేలు మోగడం మొదలైంది. ఆ ఆట ఒక చుట్టుకు 64 దెబ్బలు, ఎనిమిదేసి దెబ్బలకు ఒక విరుపు. ఆమె ప్రతి విరుపుకూ కాస్త ముందే తర్వాతి అడుగు పేరు చెప్పేస్తోంది. మన కోలాటం గురువు చేసే పనే! కొన్ని చుట్లు తిరిగాక మాటలు తగ్గించింది, ఆపైన పూర్తిగా ఆపేసింది. నోరు ఆగినా ఆమె కళ్ళు మాత్రం ఆడేవాళ్ళ మీదే ఉన్నాయి. ఒక మూల నలుగురు తడబడగానే మళ్ళీ ఒక్క మాట అందించింది. జంట లేకుండా వచ్చినవాళ్ళను ఊరికే కూర్చోనివ్వలేదు. ఆటకు ముందు కొత్తవాళ్ళకు విడిగా కాసేపు నేర్పించారు కూడా.

ఆ కొత్తవాళ్ళ పాఠం మన సంఘాలు తప్పకుండా అందుకోవాలి. హాలు అద్దెకు తీసుకున్నప్పుడు ఓ అరగంట ముందు తలుపులు తీయండి. "ఆట రానివాళ్ళు తొందరగా రండి, కలిసి నేర్చుకుందాం" అని ఆహ్వానంలోనే రాయండి. అక్కడ పుట్టిన ఆడపిల్లలకు ఇది చాలా అవసరం. వాళ్ళకు ఆడాలనే ఉంటుంది, పదిమందిలో తప్పు చేస్తామని భయం.

వంద మంది ఒకే వలయమా?

ఈమధ్య పెద్ద వలయాల మోజు పెరిగింది. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాక మైదానాల్లో వేలమంది కలిసి ఆడటం చూస్తున్నాం. తెలంగాణ ఉద్యమం నాళ్ళలో రోడ్ల మీద ఆడినప్పుడు కూడా ఆ గుంపే మన బలం. దాని అందం దానిదే. కానీ పాట చెప్పి ఆడించాలంటే పెద్ద వలయం కష్టం. లెక్క చూడండి. వంద మంది కాస్త ఎడంగా నిలబడితే వలయం అడ్డంగా దాదాపు 30 మీటర్లు. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. ఇవతల అన్న మాట అవతలికి చేరేసరికి సెకనులో దాదాపు పదో వంతు గడిచిపోతుంది. వాళ్ళు విని చప్పట్టు కొట్టేసరికి ఇంకాస్త. అందుకే పెద్ద వలయంలో చప్పట్లు రెండుగా చీలి వినిపిస్తాయి. వాళ్ళు సోమరులు కారు, పాట వాళ్ళకు ఆలస్యంగా చేరుతోంది, అంతే.

మైకు పెట్టినా కొంతవరకే. ఇరవై ముప్పై మందికి ఒక వలయం, దాని నడుమ నాలుగైదు బతుకమ్మలు, ఒక చెప్పే గొంతు, ఇలా విడగొట్టుకుంటే అన్నీ కుదురుతాయి. పైగా ఒకరు చెప్పే చోట నలుగురు చెప్తారు. నలుగురికి విద్య వస్తుంది.

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు

ఇది చెప్పకుండా నాకు మనసొప్పదు. మన ఆట జరిగే చోట ఓ పక్కన కుర్చీలు వేసి ఉంటాయి. వాటిలో అవ్వలు కూర్చుంటారు. కొందరు మోకాళ్ళ నొప్పులతో, కొందరు భర్త పోయాక ముందుకు రాకూడదని ఎవరో అన్న మాట గుండెలో పెట్టుకుని. ఎక్కువ పాటలు వచ్చింది వాళ్ళకే! బిరుదురాజు రామరాజు గారి వంటి పెద్దలు జానపద గేయాలను సేకరించి పుస్తకాల్లో భద్రపరిచారు, వాళ్ళ రుణం మనం తీర్చుకోలేం. కానీ ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ ఆగి జవాబు కోసం ఎదురుచూడాలి అన్నది పుస్తకంలోకి ఎక్కదు. అది ఆ కుర్చీలో కూర్చున్న అవ్వ గొంతులో ఉంది.

కాబట్టి కుర్చీని వలయంలోకి జరపండి. ఆమె కూర్చునే పాట చెప్తుంది, పక్కన మీరు నిలబడి గట్టిగా అందుకోండి. భర్త పోయిన అక్కను చేయి పట్టుకుని పిలవండి. గౌరమ్మను పాడే నోటికి ఎవరి అనుమతీ అక్కర్లేదని మనం అనకపోతే ఇంకెవరంటారు? పాట చెప్పే మనిషికి ఆ వలయంలో ఒక చనువు ఉంటుంది. దాన్ని ఇలాంటి పనికి వాడుకోవాలి.

తొమ్మిది రోజుల్లో ఎలా?

మన పండుగ క్రమమే నేర్పడానికి అనువుగా ఉంది. ఎంగిలిపూల నాడు మొదటి గంట ఒకే మాట తిరిగే పాటలు పెట్టుకోండి. అటుకుల బతుకమ్మ నాడు పిల్లలతో ఒక పాట చెప్పించండి, ముందు నాలుగు చరణాలు చాలు. ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మ రోజుల్లో పాట చెప్పేవాళ్ళను మారుస్తూ ఉండండి. ఒకరు చరణం చెప్తే ఎదురు వైపున్న ఇంకొకరు తర్వాతి చరణం అందుకోవాలి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆట ఉండదు. ఆ సాయంత్రం కూర్చుని ఎవరికి ఏ పాట వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎవరు రాలేదు అని మాట్లాడుకోండి. వేపకాయల, వెన్నముద్దల రోజుల్లో పొడుగు కథ పాటలు మొదలుపెడితే సద్దుల నాటికి అందరి నోటా పలుకుతాయి.

దీనికంతటికీ ముందు చేయాల్సింది ఒకటుంది. ఈ ఆదివారం మీ అత్తమ్మ దగ్గరో, పక్కింటి అవ్వ దగ్గరో కూర్చుని ఒక్క పాట అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, నోట్‌బుక్కులో రాసుకోండి. చరణాలు రాసేటప్పుడు ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుందో అక్కడ ఒక గీత పెట్టండి. తర్వాత ఆమె చెప్తుంటే మీరు అందుకోండి, ఆపైన మీరు చెప్తుంటే ఆమెను అందుకోమనండి. కాలనీకి ముగ్గురు ఇలా కూర్చున్నా చాలు, ఈ ఏడు మూడు వలయాలకు మూడు గొంతులు ఉంటాయి. ఒక్క పాట పూర్తిగా వస్తే చాలమ్మా, ధైర్యంగా ముందుకు వచ్చి చెప్పండి. జవాబు ఇవ్వడానికి మేమంతా ఉన్నాం.